80 మంది పిల్లలకు బడిలో పొద్దున టిఫిన్: రెండు పొయ్యిలు, గంటంబావు టైము. ఏం వండగలం?

పాలమూరు_బడి (ప్రశ్న)

మాది నారాయణపేట జిల్లాలో ఒక ప్రాథమికోన్నత పాఠశాల. ఒకటి నుంచి ఏడు దాకా 80 మంది. పత్తి ఏరే రోజుల్లో తల్లిదండ్రులు ఆరున్నరకే చేనుకు వెళ్ళిపోతారు. పిల్లల్లో చాలామంది టీలో రెండు బిస్కెట్లు ముంచుకునో, దారిలో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనుక్కునో వస్తారు. కొందరు అదీ లేకుండానే వస్తారు. 2023 అక్టోబరు 6న మొదలైన ముఖ్యమంత్రి అల్పాహార పథకం మా బడి దాకా రాలేదు. ఇప్పుడు పూర్వ విద్యార్థులు ఈ విద్యా సంవత్సరం చివరిదాకా సరుకులకు డబ్బు ఇస్తామంటున్నారు.

ఉన్నవి ఇవీ: ఇళ్ళలో వాడే రెండు బర్నర్ల గ్యాస్ పొయ్యి, 20 లీటర్ల డేక్సాలు రెండు, 10 లీటర్ల కుక్కర్ ఒకటి. మధ్యాహ్నం వండే ఆమె, ఆమెకు తోడు ఇంకొకామె ఏడింటికి రాగలరు. 8:15కి వడ్డించాలి, తొమ్మిదికి ప్రార్థన. మధ్యాహ్న భోజనం 12:30కి.

దాతలు "రోజూ రాగిజావ ఇస్తే చాలు, బలం" అంటున్నారు. అది సరిపోతుందా? ఉప్మా అయితే ఉండలు కట్టడం, అడుగంటడం, పిల్లలు వదిలేయడం జరుగుతుందని వంటామె భయం. కొలతలతో చెప్పగలిగినవాళ్ళు చెప్పండి.

పోషణ_లెక్క

మీ దాతలకు ముందు ఒక లెక్క చూపించండి. గ్లాసు జావలో (200 మి.లీ.) పట్టే రాగిపిండి 15 గ్రాములు. అంతకు మించితే అది జావ కాదు, సంకటి దారి పడుతుంది. 15 గ్రాముల పిండికి దాదాపు 48 క్యాలరీలు, 10 గ్రాముల బెల్లానికి 38. మొత్తం 90 కూడా లేదు. ప్రోటీన్ ఒక గ్రాము. కాల్షియం ఓ 50 మిల్లీగ్రాములు వస్తుంది, అది మంచిదే. కానీ ఏడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు 1700 క్యాలరీలు కావాలి. మధ్యాహ్న భోజనం ప్రాథమిక తరగతులకు 450 క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ లెక్కన కట్టింది (ఆరు, ఏడు తరగతులకు 700, 20 గ్రాములు). పొద్దున కనీసం 280–300 పడకపోతే పది దాటేసరికి మళ్ళీ ఆకలే. జావ తాగేది, టిఫిన్ తినేది. జావ వద్దనడం లేదు, జావ ఒక్కటే పెట్టి టిఫిన్ పెట్టామనుకోవద్దంటున్నాను.

జావ రోజున పక్కన 20 గ్రాముల పల్లీలు (ఉడికించినవో వేయించినవో), ఒక చిన్న అరటిపండు ఇవ్వండి. పల్లీలతో 110 క్యాలరీలు, 5 గ్రాముల ప్రోటీన్ కలుస్తాయి. పండుతో కలిపి 260 దగ్గరికి వస్తుంది.

ఉప్మా రోజున పిల్లవాడికి 50 గ్రాముల రవ్వ, 6 గ్రాముల నూనె, 10 గ్రాముల పల్లీలు, 25–30 గ్రాముల కూరగాయలు. ఇది 290 క్యాలరీలు, 7–8 గ్రాముల ప్రోటీన్. తమిళనాడులో 2022 సెప్టెంబరు 15న మొదలుపెట్టిన బడి టిఫిన్ పథకంలోనూ కొలత ఇంచుమించు ఇదే: ఒక్కొక్కరికి 50 గ్రాముల రవ్వ లేదా బియ్యం, పైన సాంబారుకు 15 గ్రాముల పప్పు. వాళ్ళు ఉప్మాకు, పొంగలికి సాంబారు జోడించడంలో ఉద్దేశం రుచి ఒక్కటే కాదు. పప్పూ కూరగాయలూ కడుపులోకి వెళ్ళే దారి అదే. మీకు రెండు పొయ్యిలే కాబట్టి సాంబారు కుదరదు. అందుకే పల్లీలను ఉప్మాలోనే వేయమంటున్నాను.

పొంగలికి 40 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పెసరపప్పు, 5 గ్రాముల నూనె. దాదాపు 250 క్యాలరీలు, 7.5 గ్రాముల ప్రోటీన్. దీన్ని వారానికి రెండుసార్లు పెట్టినా విసుగు రాదు.

ఇంకొక్కటి. టిఫిన్‌తో టీ ఇవ్వకండి, "కొంచెమే కదా" అని కూడా వద్దు. టీలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ దానికి ఉల్టా పని చేస్తుంది. ఉప్మా, అటుకులు, గుగ్గిళ్ళు దించాక నిమ్మరసం పిండండి. పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది, విటమిన్ సి కూడా పోతుంది.

పెద్దడేక్సా

లెక్క పైనాయన చెప్పారు, నేను పొయ్యి దగ్గర్నుంచి చెబుతాను. మీ అసలు సమస్య రవ్వ కాదు, నీళ్ళు.

80 మందికి 4 కిలోల బొంబాయి రవ్వ. కిలోకు 3.5 లీటర్ల చొప్పున 14 లీటర్ల నీళ్ళు. ఇంటి పొయ్యి మీద ఒక్క గిన్నెలో 14 లీటర్లు తెర్లడానికి ముప్పావు గంట పడుతుంది. వంటామె గడియారం చూసి, నీళ్ళు మరగకముందే రవ్వ పోసేస్తుంది. ఉండలు అక్కడే పుడతాయి. రెండు డేక్సాలూ పొయ్యిలెక్కించి ఏడేసి లీటర్లు పెట్టండి, మూతలు వేయండి. పాతిక నిమిషాల్లో రెండూ మరుగుతాయి. ఒక్క డేక్సాలో చేద్దామన్నా 20 లీటర్ల దాంట్లో పట్టదు. తయారైన ఉప్మా 20 కిలోల పైమాటే.

రవ్వ ముందురోజు మధ్యాహ్నమే వేయించి పెట్టుకోవాలి. జల్లెడ పట్టి, సన్నమంట మీద, రంగు మారకుండా, చేత్తో తీస్తే ఇసుకలా జారేదాకా. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి మర్నాడు రవ్వ గడ్డలు కడుతుంది, అప్పుడు వేయించి ప్రయోజనం లేదు. కూరగాయలు మాత్రం పొద్దునే తరగండి. క్యారెట్, బీన్స్, ఉల్లిపాయలు కలిపి రెండు రెండున్నర కిలోలు. ఇద్దరిలో ఒకరి పని ఇదే.

డేక్సాకు పావు లీటరు నూనె. అందులో ముందు 400 గ్రాముల పల్లీలు వేయించి తీసి పక్కన పెట్టుకోండి. పల్లీలు నీళ్ళల్లో ఉడికితే మెత్తబడి పిల్లలు ఏరి పారేస్తారు, అందుకని చివర్న కలపాలి. తర్వాత ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, ఉల్లి, అల్లం, కూరగాయలు. పచ్చిమిర్చి నిలువునా పెద్ద ముక్కలుగా చీల్చి వేయండి, సన్నగా తరగొద్దు. ఒకటో తరగతి పిల్ల నోట్లో మిర్చి ముక్క పడిందంటే ఇక ఆ వారమంతా ఉప్మా ముట్టదు. నీళ్ళు పోశాక డేక్సాకు 65 గ్రాముల ఉప్పు. నీళ్ళు నాలుక మీద కాస్త ఉప్పగా తగలాలి, రవ్వ పడ్డాక సరిపోతుంది.

నీళ్ళు తెర్లు కాగుతున్నప్పుడు మంట సిమ్‌కు దించి, ఒకరు రవ్వను సన్న ధారగా పోయాలి, ఇంకొకరు తెడ్డుతో ఆపకుండా తిప్పాలి. రెండు కిలోలు పోయడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఒక డేక్సా పూర్తయ్యాకే రెండోది మొదలుపెట్టండి, ఇద్దరు మనుషులతో రెండూ ఒకేసారి కుదరవు. మూత పెట్టి ఆరేడు నిమిషాలు సిమ్‌లో ఉంచి ఆపేయండి. దించేటప్పుడు పల్చగా, గరిటె జారుడుగా ఉండాలి. "నీళ్ళెక్కువయ్యాయి" అని వంటామె ఇంకో గుప్పెడు రవ్వ చల్లబోతుంది, చల్లనివ్వకండి. పావుగంటలో అదే బిగుసుకుంటుంది. పిల్లలు వదిలేసే ఉప్మా దాదాపు ఎప్పుడూ బిగుసుకుపోయి గొంతులో పట్టుకునేదే.

అడుగంటితే గోకకండి. పైదంతా వేరే గిన్నెలోకి తీసేయండి, మాడు వాసన కిందే ఉండిపోతుంది. గోకారా, డేక్సా అంతటికీ పాకుతుంది.

అనంత_ఉగ్గాని

ఇంత హైరానా లేకుండా వారంలో ఒకరోజు ఉగ్గాని పెట్టుకోండి సార్. నీళ్ళు మరిగించే పనే లేదు. మనిషికి 35 గ్రాముల బొరుగులు, 15 గ్రాముల పుట్నాల పొడి, నూనె, ఉల్లి, టమాటా. 80 మందికి 2.8 కిలోల బొరుగులు, చూడ్డానికి బస్తా అంత ఉంటాయి, మోసపోవద్దు. విడతకు ఓ అరకిలో నీళ్ళల్లో ముంచి వెంటనే పిండి తీయాలి. అరనిమిషం ఎక్కువ నానితే ముద్ద. పుట్నాల పొడి మంట ఆపేశాకే. ముందే వేస్తే తడి పీల్చి అడుగున పేరుకుంటుంది.

అలాగే ఇడ్లీ ఎందుకు అడగలేదు? పిల్లలకు అన్నిటికన్నా ఇష్టం అదే కదా.

పెద్దడేక్సా

ఉగ్గాని బాగుంది. పుట్నాలు తగ్గించొద్దు, ఒట్టి బొరుగుల్లో బలం తక్కువ.

ఇడ్లీ మాత్రం వీళ్ళకు కుదరదండి. తలా మూడు వేసుకున్నా 240 ఇడ్లీలు. ఇంటి సైజు ఇడ్లీ పాత్రలో వాయికి పదహారు అనుకుంటే 15 వాయిలు. రెండు పొయ్యిల మీద ఎంత గింజుకున్నా రెండు గంటలు, మొదటి వాయి పిల్లలు తిన్న గంటన్నరకు చివరి వాయి పిల్లలకు. పైగా డిసెంబరు, జనవరి చలికి పిండి పొంగదు, రాత్రి వంటగదిలో రుబ్బిన పిండికి ఎలుకల కాపలా వేరే. పెద్ద ఆవిరి పెట్టె, గ్రైండర్ ఎవరైనా ఇప్పిస్తే అప్పుడు మాట్లాడుకుందాం. పూరీ కూడా అంతే, ఆ మాటే ఎత్తకండి.

జావ విధానం కూడా రాస్తున్నాను, అందులో పాడు చేసుకునేవాళ్ళే ఎక్కువ. 16 లీటర్ల జావకు 1.2 కిలోల రాగిపిండి. పిండిని 4 లీటర్ల చన్నీళ్ళలో కలిపి, వడగట్టి, పది నిమిషాలు ఉంచాలి. మిగతా నీళ్ళు రెండు డేక్సాల్లో మరిగాక, కలిపిన పిండిని అడుగు నుంచి తిప్పి మరీ పోయాలి. పిండి గిన్నె అడుగున కూర్చుంటుంది, పైన తేరిన నీళ్ళే పోసేసి "చిక్కబడలేదే" అని మళ్ళీ పిండి వేసేవాళ్ళున్నారు. చిక్కబడ్డాక ఎనిమిది పది నిమిషాలు ఉడకాలి. పిండి రంగు పోయి ముదురు రంగు, కొంచెం మెరుపు వస్తే ఉడికినట్టు. పచ్చి వాసన ఉంటే పిల్లలు రెండో రోజు గ్లాసు పట్టరు. 800 గ్రాముల బెల్లాన్ని ఓ లీటరు వేడినీళ్ళలో వేరే కరిగించి పల్చటి బట్టతో వడగట్టండి. ఆ బట్టలో మిగిలే ఇసుక, చెరకు పీచు ఒక్కసారి దాతలకు చూపిస్తే ఎందుకో వాళ్ళకే తెలుస్తుంది. పాలు కలిపేటట్టయితే మంట ఆపి, కాస్త ఆరాక కలపండి. మరిగే బెల్లం నీళ్ళల్లో పాలు విరుగుతాయి.

జావ చల్లారేకొద్దీ గడ్డకడుతుంది. పక్కన రెండు లీటర్ల మరిగిన నీళ్ళు ఉంచుకుని, చివరి వరసకు పల్చన చేసి పోయండి.

పాలమూరు_బడి

చాలా థాంక్సండి. ఉప్మాకు డేక్సాలు రెండూ వాడాలన్నది మాకు తట్టలేదు. మూడు సందేహాలు. మొలకెత్తిన రాగుల పిండి మంచిదంటారు, వాడొచ్చా? శనగ గుగ్గిళ్ళు ఎంత నానబెట్టాలి, ఎన్నిసార్లు పెట్టినా గట్టిగానే ఉంటాయని వంటామె అంటోంది. మూడోది, దాతల్లో ఒకరు పుట్టినరోజులకు ఇంట్లో వండించి పులిహోర తెస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా?

పోషణ_లెక్క

మొలకల పిండి వాడొచ్చు, పైగా మీ క్యాలరీల చిక్కు కొంత విప్పుతుంది. మొలకెత్తేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది పిండిపదార్థాన్ని తెగ్గొడుతుంది. అందుకే ఆ పిండితో జావ పల్చగానే ఉంటుంది, గ్లాసులో 15 బదులు 25 గ్రాములు వేసినా తాగగలరు. పన్నెండు గంటలు నానబెట్టి, బట్టలో మూటగట్టి ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, తర్వాత నీడన బాగా ఎండబెట్టి, చాలా తేలిగ్గా వేయించి పట్టించాలి. ఎర్రగా వేయిస్తే వాసన బాగుంటుంది కానీ ఎంజైమ్ చచ్చిపోతుంది, మామూలు పిండిలాగే చిక్కబడుతుంది. తడి ఆరకుండా మరకు ఇస్తే నాలుగు రోజుల్లో బూజు. వారానికి సరిపడానే పట్టించుకోండి.

శనగలు తలా 30 గ్రాములు, అంటే 2.4 కిలోలు. మూడింతల నీళ్ళల్లో కనీసం ఎనిమిది నుంచి పది గంటలు. సాయంత్రం ఏడుకు వేస్తే సరి. ఎండాకాలం మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చకపోతే నురగ కట్టి వాసన వస్తాయి. గట్టిగా ఉండడానికి సాధారణంగా రెండే కారణాలు: రెండేళ్ళు నిలవున్న పాత శనగలు, లేదా బోరు నీళ్ళ కాఠిన్యం. బోరు నీళ్ళయితే నానబెట్టడానికీ ఉడికించడానికీ ఫిల్టరు నీళ్ళు వాడి చూడండి. తినే సోడా వేస్తే మెత్తబడతాయి, కానీ బి1 విటమిన్ పోతుంది, సబ్బు రుచి తగులుతుంది. మీ 10 లీటర్ల కుక్కర్‌లో నానిన శనగలు ఒకే వాయికి పట్టవు. సగం మించి నింపకుండా రెండు వాయిలు పెట్టండి.

సరుకు_గది

పులిహోర సంగతి నేను చెబుతాను. ఒప్పుకోకండి. ఎవరింట్లో ఎప్పుడు వండారో తెలియదు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి విత్తనాలు (స్పోర్లు) ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే పెరిగి విషం తయారు చేస్తాయి, మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. పుట్టినరోజు దాతను బాధపెట్టకుండా దారి ఒకటుంది: ఆ రోజు పల్లీలో, అరటిపళ్ళో, పెసరపప్పో పచ్చి సరుకుగా ఇమ్మనండి. బోర్డు మీద పాప పేరు రాసి పిల్లలతో శుభాకాంక్షలు చెప్పించండి.

సరుకులు ఖాళీ పురుగుమందు డబ్బాల్లో, క్యాన్లలో నిలవ పెట్టకండి, ఎన్నిసార్లు కడిగినా సరే. 2013 జులై 16న బిహార్‌లోని సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. పత్తి పండే ఊళ్ళో పురుగుమందు డబ్బాలు ఎక్కడంటే అక్కడ దొరుకుతాయి, మీకు చెప్పక్కర్లేదు. నూనె సీలున్న ప్యాకెట్లే కొనండి.

పల్లీలు వేయించే ముందు పళ్ళెంలో పోసి ఏరాలి. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, బూజు పట్టినవి పారేయాలి. బూజులో ఉండే అఫ్లటాక్సిన్ వేయించినా పోదు. పల్లీలు పడని పిల్లలు ఉన్నారేమో మొదటి వారంలోనే తల్లులను అడిగి పేర్లు రాసి వంటగది తలుపుకు అంటించండి.

వడ్డించే ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలన్నది మధ్యాహ్న భోజనానికి ఉన్న నిబంధనే. దీనికీ అదే పాటించండి, రిజిస్టర్లో సంతకాలు పెట్టండి. అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానం లేకుండా మొదలుపెట్టొద్దు. మధ్యాహ్న భోజనం బియ్యంలోంచి ఒక్క కిలో కూడా టిఫిన్‌కు తీయకండి, స్టాకు తేడా వస్తే హెడ్మాస్టరు మెడకు చుట్టుకుంటుంది.

ఇక ఎవరూ అడగని ఖర్చు. పూర్వ విద్యార్థులు సరుకులకు ఇస్తామన్నారు, ఏడింటికి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళకు ఎవరిస్తారు? పత్తి ఏరే సీజన్లో వాళ్ళకూ చేలో కూలి దొరుకుతుంది. నెలకు ఇంతని టిఫిన్ ఖాతాలోంచి విడిగా ఇవ్వకపోతే రెండో నెలలో మానేస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. సరుకులు ఆగి ఆగిపోయిన టిఫిన్లకన్నా కూలి ఇవ్వక ఆగిపోయినవే ఎక్కువ.

అనంత_ఉగ్గాని

పిల్లలు తినడం గురించి ఒక మాట. "ఇంట్లో తినని వాళ్ళు రండి" అని పిలవకండి, ఆ వరసలో నిలబడ్డానికి ఆరో తరగతి పిల్లలు సిగ్గుపడతారు. అందరికీ ఆకు వేయండి, టీచర్లు కూడా అక్కడే కూర్చుని అదే తినండి. తినకుండా వచ్చినవాళ్ళు రెండు గరిటెలు తింటారు, ఇంటి దగ్గర తిన్నవాళ్ళు అర గరిటె. పారేసిన తిండి బకెట్టును పది రోజులు తూకం వేయండి. ఏ రోజు బరువు రెండు కిలోలు దాటుతుందో ఆ వంటకం మార్చండి, లేదా రేపటి కొలత తగ్గించండి.

పాలమూరు_బడి

తూకం సంగతి బాగుంది. సోమవారం పొంగలి, మంగళవారం ఉప్మా, బుధవారం జావ పల్లీలు అరటిపండు, గురువారం పొంగలి, శుక్రవారం ఉగ్గాని, శనివారం గుగ్గిళ్ళు జావ అనుకుంటున్నాం. వంటామె కూలి సంగతి రేపే మాట్లాడతాను. పొంగలి నీళ్ళ కొలత ఒక్కటి చెప్పండి. వంటామెకు లీటర్ల లెక్క అలవాటు లేదు, కంటిచూపుతోనే పోస్తుంది.

పెద్దడేక్సా

పొంగలికి 3.2 కిలోల బియ్యం, 1.6 కిలోల పెసరపప్పు, 19–20 లీటర్ల నీళ్ళు. రెండు డేక్సాలకూ సగం సగం. పప్పును కొంచెం వేయించి బియ్యంతో కలిపి కడిగి అరగంట నాననిస్తే పది నిమిషాల గ్యాస్ మిగులుతుంది. అంటే ఏడింటికి రాగానే ముందు చేసే పని అదే, తర్వాతే ఎసరు. మిరియాలు దంచి వేయండి, గింజలుగా వేస్తే చిన్నపిల్లలు ఊసేస్తారు.

కొలతకు ఒక వెదురు పుల్ల తీసుకోండి. ఖాళీ డేక్సాలో లీటరు సీసాతో ఏడు లీటర్లు పోసి, పుల్లను నిలువుగా ముంచి తడిసిన చోట కత్తితో గాటు పెట్టండి. మళ్ళీ పది లీటర్ల దగ్గర ఇంకో గాటు. మొదటిది ఉప్మాకు, రెండోది పొంగలికి. రెండు డేక్సాల వెడల్పు ఒకటే కాకపోతే రెండు పుల్లలు చేసి, దేని పుల్ల దాని పిడికే దారంతో కట్టేయండి.